వెలుతురుకా, వేడికా? దక్షిణ ఒడిశాలో లేజర్, పరారుణ కొలతల ప్రయోగశాల కోసం బహిరంగ లేఖ

బరంపురం, గంజాం జిల్లా

ఒడిశా ప్రభుత్వ శాస్త్ర సాంకేతిక శాఖ, ఎలక్ట్రానిక్స్ – ఐటీ శాఖల కార్యదర్శులకు, దక్షిణ ఒడిశాలోని విశ్వవిద్యాలయాల ఉపకులపతులకు, జాతీయ విద్యాసంస్థల సంచాలకులకు,

గౌరవనీయులారా, నమస్కారం.

నేను బరంపురంలో పుట్టి, ఇక్కడే చదువుకుని, గంజాం, గజపతి జిల్లాల కళాశాలల్లో ముప్పై ఏళ్లకు పైగా భౌతికశాస్త్రం చెప్పి ఉద్యోగ విరమణ చేసిన తెలుగువాడిని. ఈ లేఖ ప్రతులను ఒడియాలోనూ ఇంగ్లీషులోనూ మీ కార్యాలయాలకు విడిగా పంపుతున్నాను. తెలుగులో అందరి ముందూ రాయడానికి వేరే కారణం ఉంది. బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, జయపురం ఊళ్లలో తెలుగు మాట్లాడే ఇళ్ల నుంచి ఏటా ఎందరో పిల్లలు సైన్సు డిగ్రీలో చేరుతున్నారు. వారి తరఫున నేను మిమ్మల్ని ఏమి అడుగుతున్నానో వారి తల్లిదండ్రులకు తెలియాలి.

అడిగేది ఒక్కటే. అర్ధవాహక (సెమీకండక్టర్) లేజర్లనూ, కంటికి కనబడని పరారుణ (ఇన్ఫ్రారెడ్) కాంతిని పట్టే డిటెక్టర్లనూ పరీక్షించి, కొలిచి, ఆ కొలతకు పూచీ పడగల ఉమ్మడి ప్రయోగశాలను దక్షిణ ఒడిశాలో ఏర్పాటు చేయండి. దాని తలుపు ఈ జిల్లాల డిగ్రీ, పీజీ విద్యార్థులకు తెరిచి ఉంచండి.

ఈ కోరిక వెనుక ఒక అమ్మాయి ఉంది. పదిహేనేళ్ల కిందట, ఎమ్మెస్సీ చివరి సంవత్సరం చదువుతున్న ఒక పట్టు నేత కుటుంబపు అమ్మాయి ప్రాజెక్టు కోసం లెడ్ సల్ఫైడ్ పొరను తయారు చేసింది. ఆ పద్ధతి ఖరీదైనది కాదు. లెడ్ ఎసిటేట్, థయోయూరియా, కాస్టిక్ సోడా ద్రావణాలను బీకరులో కలిపి, శుభ్రంగా కడిగిన గాజు పలకను అందులో నిలబెడితే, కాసేపటికి దాని మీద అద్దంలా మెరిసే నల్లటి పొర కడుతుంది. ఆ అమ్మాయి పొర రెండు చివరలా వెండి పేస్టుతో తీగలు అతికించి, మల్టీమీటరుకు కలిపి, గది చీకటి చేసి, కాలిన సోల్డరింగ్ ఐరన్‌ను జానెడు దూరంలో పెట్టింది. కంటికి ఏ వెలుగూ కనిపించలేదు గాని మీటరులో నిరోధం పడిపోయింది. ఐరన్ పక్కకు తీస్తే మళ్లీ పెరిగింది. "సార్, ఇది మనకు కనబడనిది చూస్తోంది" అని ఆ పిల్ల అన్న మాట నాకు ఇప్పటికీ వినిపిస్తుంది.

వైవా రోజున బయటి నుంచి వచ్చిన పరీక్షాధికారి ఒకే ప్రశ్న వేశారు: "నిరోధం తగ్గింది వెలుతురుకా, వేడికా?"

ఆ ప్రశ్న న్యాయమైనదే. అర్ధవాహకం వేడెక్కితే సాధారణంగా నిరోధం తగ్గుతుంది. ఐరన్ నుంచి వచ్చిన పరారుణ కాంతి పొరలోని ఎలక్ట్రాన్లను నేరుగా లేపి ఉండవచ్చు, లేదా పలకను మెల్లగా వెచ్చబెట్టి ఉండవచ్చు, రెండింటికీ మల్టీమీటరు ముల్లు ఒకే వైపు కదులుతుంది. తేడా తెలియాలంటే కాంతి దారిలో రంధ్రాల చక్రాన్ని తిప్పి, సెకనుకు కొన్ని వందల సార్లు కాంతిని ఆపుతూ వదులుతూ ఉండాలి. గాజు పలక అంత వేగంగా వేడెక్కి చల్లారలేదు, ఎలక్ట్రాన్లు మాత్రం ఆ వేగాన్ని సులువుగా అందుకుంటాయి. చక్రం వేగంతో కలిసి నడిచే సంకేతాన్ని మాత్రమే ఏరుకునే లాక్-ఇన్ యాంప్లిఫయర్ ఉంటే జవాబు గంటలో వస్తుంది. కాంతిని తరంగదైర్ఘ్యాల వారీగా విడదీసే మోనోక్రొమేటర్ కూడా ఉంటే జవాబుకు తిరుగుండదు. లెడ్ సల్ఫైడ్ నిషిద్ధ శక్తి అంతరం, అంటే అందులో ఎలక్ట్రాన్ లేవడానికి కావలసిన కనీస శక్తి, 0.41 ఎలక్ట్రాన్ వోల్టులు. తరంగదైర్ఘ్యం 3 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మీటరులో పది లక్షల వంతు) దాటిన కాంతి కణానికి అంత శక్తి ఉండదు. కాబట్టి కాంతికి స్పందించిన పొర అయితే 3 మైక్రాన్ల దగ్గర ఆ స్పందన ఆగిపోవాలి, వేడికి స్పందించినదైతే అక్కడ ఆగవలసిన పని లేదు.

ఆ పరికరాల్లో ఒక్కటీ మా దగ్గర లేదు. నమూనాను దూర నగరంలోని ఒక ప్రయోగశాలకు పంపాము. అయిదు నెలల తరవాత అది కొలవకుండానే కవరులో తిరిగి వచ్చింది, అప్పటికే గాలికీ తేమకీ పొర రంగు మారిపోయింది. వారిని నేను తప్పుపట్టను; వారికి వారి విద్యార్థులు ఉన్నారు, ఆ వరుసలో మా పలక చివరిది. కానీ ఆ అమ్మాయి ప్రాజెక్టు పుస్తకంలో ఫలితాల పట్టికలో ఒక గడి ఖాళీగా మిగిలింది. పరిశోధనకు వెళ్లాలనుకున్న పిల్ల బడిపంతులు ఉద్యోగంలో చేరింది. మంచి పంతులమ్మ అయింది, సంతోషమే. అయినా ఆ ఖాళీ గడి బాధ్యత ఆమెది కాదు, మాది, మీది.

మీలో శాస్త్రవేత్తలకు ఇది తెలిసిన విషయమే అయినా, తల్లిదండ్రుల కోసం చెబుతున్నాను. వెలుతురుకా, వేడికా అన్న ఆ ప్రశ్నే పరారుణ డిటెక్టర్లన్నిటినీ రెండు కుటుంబాలుగా విడదీస్తుంది. ఒక కుటుంబం కాంతి తెచ్చిన వేడిని కొలుస్తుంది. జ్వరం చూడటానికి నుదుటి దగ్గర పట్టే థర్మామీటరులో ఉన్నది ఆ జాతిది. రెండోది ఒక్కొక్క కాంతి కణానికీ ఒక్కొక్క ఎలక్ట్రాన్‌ను లేపి, దాన్ని లెక్కలోకి తెచ్చుకుంటుంది. వేగం, సున్నితత్వం కావలసిన చోట ఇదే వాడతారు. మనిషి ఒంటి నుంచి వెలువడే పరారుణ కాంతి 9, 10 మైక్రాన్ల దగ్గర అత్యధికంగా ఉంటుంది. ఆ కాంతి కణం మోసే శక్తి 0.12 ఎలక్ట్రాన్ వోల్టులకు కాస్త అటూఇటూ మాత్రమే. అంత చిన్న తట్టుకే లేచే ఎలక్ట్రాన్లు డిటెక్టరు సొంత వేడికి కూడా లేస్తాయి, చీకట్లో కూడా విద్యుత్తు పారుతుంది, అసలు సంకేతం ఆ రొదలో మునిగిపోతుంది. అందుకే ఇలాంటి డిటెక్టర్లను ద్రవ నైట్రోజన్‌తో 77 కెల్విన్‌కు, అంటే సున్నాకు దిగువన 196 డిగ్రీల సెల్సియస్‌కు చల్లబరుస్తారు. ఈ తరంగదైర్ఘ్యాలకు ఎక్కువగా వాడే మెర్క్యురీ కాడ్మియం టెల్యురైడ్‌ను 1959లో ఇంగ్లండులోని మాల్వెర్న్‌లో పనిచేసిన శాస్త్రవేత్తలు ప్రకటించారు. అందులో కాడ్మియం వంతు పెంచుతూ తగ్గిస్తూ పోతే ఏ తరంగదైర్ఘ్యం వరకు చూడాలో మనమే నిర్ణయించవచ్చు.

ఆ అమ్మాయి వాడిన లెడ్ సల్ఫైడ్ మాత్రం మన దేశానికి ఇంకా పాత చుట్టం. కలకత్తాలో జగదీశ్ చంద్ర బోస్ గెలీనా స్ఫటికంతో విద్యుదయస్కాంత తరంగాలను పట్టే సాధనం చేసి, 1901లో అమెరికా పేటెంటుకు దరఖాస్తు పెట్టగా, 1904లో అది మంజూరైంది. అర్ధవాహక సాధనానికి దక్కిన మొదటి పేటెంటుగా దాన్ని చెబుతారు. గెలీనా అంటే గనిలో దొరికే లెడ్ సల్ఫైడే. ఆ స్ఫటికం కాంతికి కూడా స్పందిస్తుందని బోస్ అప్పుడే గమనించారు. ఆయన పరికరాలను అక్కడి పనివాళ్ల సాయంతో దగ్గరుండి చేయించుకున్నారు. నూరేళ్ల తరవాత బరంపురంలో మా పిల్ల బీకరులో అదే పదార్థాన్ని చేయగలిగింది గాని, కొలవలేకపోయింది.

ఈ విద్య మా ప్రాంతానికి ఎందుకు అని అడిగేవారికి 2013 అక్టోబరు 12 రాత్రిని గుర్తు చేస్తాను. ఫైలిన్ తుపాను గోపాలపురం దగ్గర తీరం దాటింది రాత్రివేళ. మామూలు కెమెరాకు పొద్దు కుంకాక మేఘం కనబడదు. మేఘం పైభాగం ఎంత ఎత్తుకు లేస్తే అంత చల్లబడుతుంది. బలమైన తుపాను మేఘాల కొనలు సున్నాకు దిగువన 70, 80 డిగ్రీలకు చేరతాయి. ఆ చలిని రాత్రీ పగలూ తేడా లేకుండా 36,000 కిలోమీటర్ల ఎత్తు నుంచి కొలిచేవి ఉపగ్రహంలోని పరారుణ డిటెక్టర్లే. మన వాతావరణ ఉపగ్రహం కల్పన-1లో అప్పుడు అవి ఉండేవి. అదే ఏడాది జూలై 26న ప్రయోగించిన ఇన్శాట్-3డీ కూడా ఫైలిన్ చిత్రాలను పంపింది. తుపాను నడిమి కన్ను ఎక్కడుంది, చుట్టూ మేఘపు గోడ ఎంత చల్లగా ఉంది అన్నదాన్ని బట్టి తుపాను బలాన్ని లెక్కగట్టే పద్ధతి ఉంది. ఆ లెక్కల మీద, వాటితోపాటు రాడార్ల మీద, సముద్రపు కొలతల మీద ఆధారపడిన హెచ్చరికలతో ఒడిశాలో దాదాపు 10 లక్షల మందిని ముందే సురక్షిత స్థలాలకు తరలించారు. 1999 మహా తుపానులో పోయిన ప్రాణాలు పదివేలకు చేరువ. ఫైలిన్‌లో పదుల సంఖ్యలో ఆగాయి. ఆ తేడా తెచ్చింది డిటెక్టర్లు ఒక్కటే కావు, ఆశ్రయ భవనాలు, రోడ్లు, రాత్రంతా తిరిగిన సిబ్బంది, అందరూ కలిసి తెచ్చారు. కానీ ఆ రాత్రి పైకప్పు రేకులు లేచిపోతున్న వీధిలో కూర్చున్న నాకు, మా ప్రాణాలను కాచినవాటిలో ఒకటి మా అమ్మాయి పొరకు దగ్గరి బంధువేనన్న ఆలోచన కలిగింది.

లేజరు సంగతికి వస్తాను, ఇక్కడ మన నేలకు ఇంకా దగ్గరి సంబంధం ఉంది. 1962లో అమెరికాలో నాలుగు బృందాలు కొద్ది వారాల తేడాతో అర్ధవాహక లేజర్లను వెలిగించాయి. వాటిలో మొదటిది రాబర్ట్ హాల్ బృందానిది, పదార్థం గాలియం ఆర్సెనైడ్. అప్పట్లో అవి ద్రవ నైట్రోజన్ చలిలో, అదీ క్షణకాలపు తునకలుగా మాత్రమే వెలిగేవి. చిక్కు ఏమిటంటే, రెండు రకాల అర్ధవాహక పొరలు కలిసే సంధి (జంక్షన్) దగ్గర ఎలక్ట్రాన్లు నిలవకుండా చెదిరిపోయేవి. మడిలో నీరు నిలవాలంటే ఇరువైపులా గట్టు ఎంత అవసరమో, ఎలక్ట్రాన్లను పలుచని పొరలో నిలపడానికి ఇరువైపులా వేరే పదార్థపు గట్లు అంత అవసరమని హెర్బర్ట్ క్రోమర్ 1963లో ప్రతిపాదించారు. 1970లో లెనిన్‌గ్రాడ్‌లో జోరెస్ అల్ఫెరోవ్ బృందం, కొద్ది వారాల తేడాతో బెల్ ల్యాబ్స్‌లో హయాషి, పానిష్ గది ఉష్ణోగ్రత దగ్గర ఆగకుండా వెలిగే లేజరును సాధించారు. క్రోమర్, అల్ఫెరోవ్‌లకు 2000లో నోబెల్ వచ్చింది. వారు నమ్ముకున్న గట్టు పదార్థం అల్యూమినియం గాలియం ఆర్సెనైడ్. దాని స్ఫటికంలో పరమాణువుల మధ్య దూరం గాలియం ఆర్సెనైడ్‌లోని దూరంతో దాదాపు సరిగ్గా సరిపోతుంది, అందువల్ల ఒకదాని మీద ఒకటి పగుళ్లు లేకుండా పెరుగుతాయి.

అల్యూమినియం, గాలియం. ఈ రెండు పేర్లనూ కలిపి చదివినప్పుడల్లా నాకు కొరాపుట్ జిల్లాలోని దామన్‌జోడి గుర్తుకు వస్తుంది. మెండలీవ్ 1871లో, ఇంకా ఎవరూ చూడని ఒక మూలకం అల్యూమినియం కింది గడిలో ఉండి తీరాలని చెప్పి, మన సంస్కృతపు "ఏక" తగిలించి ఏక-అల్యూమినియం అని పేరు పెట్టారు. నాలుగేళ్లకు దొరికిన ఆ మూలకమే గాలియం. అది 29.8 డిగ్రీల దగ్గర కరుగుతుంది. మా ఊరి వేసవిలో సీసాలో పెట్టినా ద్రవంగానే ఉంటుంది. గుణాల్లోనే కాదు, నేలలో కూడా అవి తోబుట్టువులు. గాలియానికి విడిగా గని అంటూ లేదు, అల్యూమినియం ముడి ఖనిజమైన బాక్సైట్‌లో టన్నుకు కొన్ని పదుల గ్రాముల చొప్పున కలిసి ఉంటుంది. పంచపట్మాలి కొండ నుంచి దిగే ఆ ఎర్ర రాయిని దామన్‌జోడిలోని ప్రభుత్వ రంగ సంస్థ నాల్కో శుద్ధి కర్మాగారంలో కాస్టిక్ సోడాలో కరిగించినప్పుడు అల్యూమినాతోపాటు గాలియం కూడా ద్రావణంలోకి దిగుతుంది. ద్రావణం తిరిగి తిరిగి వాడుకలో ఉంటుంది కాబట్టి అందులో పోగుపడుతుంది. దాన్ని రాబట్టే రసాయన పద్ధతులు లోకానికి తెలిసినవే. కేంద్ర గనుల శాఖ 2023లో ప్రకటించిన 30 కీలక ఖనిజాల జాబితాలో గాలియం ఉంది, ఇండియం, జెర్మేనియం, టెల్యూరియం, కాడ్మియం ఉన్నాయి. ఒక విధంగా లేజర్లు, డిటెక్టర్ల ముడిసరుకుల్లో ముఖ్యమైనవి చాలా అందులో ఉన్నాయి. అదే ఏడాది ఆగస్టు నుంచి చైనా గాలియం, జెర్మేనియం ఎగుమతులకు అనుమతులు తప్పనిసరి చేశాక, ప్రపంచ ఉత్పత్తిలో అత్యధిక భాగం ఒకే దేశం చేతిలో ఉండటం అంటే ఏమిటో అందరికీ తెలిసివచ్చింది. దామన్‌జోడి ద్రావణంలోని గాలియాన్ని వాణిజ్య స్థాయిలో బయటికి తేవాలని కోరేవారిలో నేనూ ఒకడిని. అయితే లోహం తీసి అమ్ముకోవడంతో మా జిల్లాల పని ముగియకూడదు. కొండ ఇక్కడిది, రాయి ఇక్కడిది, దానితో చేసే లేజరును కొలవడం మాత్రం ఎక్కడో జరగాలనడం నాకు సమ్మతం కాదు.

ప్రయోగశాల అనగానే వందల కోట్ల మాట వస్తుంది కాబట్టి ఏమి అడగడం లేదో ముందు చెబుతాను. స్ఫటిక పొరలను పెంచే పెద్ద యంత్రాలను ఇప్పుడు అడగడం లేదు. వాటిలో కొన్ని రకాలకు ఆర్సీన్ వంటి విష వాయువులు కావాలి, వాటిని భద్రంగా నడిపే అనుభవం ముందు సంపాదించాలి. పొరలను పెంచి ఇవ్వగల జాతీయ సంస్థలు దేశంలో ఉన్నాయి. మనకు కావలసింది, వచ్చిన నమూనాను తీగలు కట్టి, చల్లబరిచి, కొలిచే గది. స్థిరమైన ఉష్ణోగ్రత దగ్గర తెలిసినంత కాంతినిచ్చే బ్లాక్‌బాడీ కొలిమి, తిరుగుడు చక్రం, లాక్-ఇన్ యాంప్లిఫయర్, కాంతిని తరంగదైర్ఘ్యాల వారీగా చూపుతూ 2 నుంచి 14 మైక్రాన్ల వరకు చూడగల ఎఫ్‌టీఐఆర్ స్పెక్ట్రోమీటర్, నమూనాను 77 కెల్విన్‌కు దించే క్రయోస్టాట్, లేజర్ డయోడ్‌కు ఎంత విద్యుత్తు ఇస్తే ఎంత కాంతి వస్తోందో, వేడెక్కితే ఆ గీత ఎలా కిందికి వంగుతోందో చూపే అమరిక, బంగారు తీగలు అతికే యంత్రం, దుమ్ము లేని చిన్న గది. వీటికి తోడు తడబడని కరెంటు, తేమ తీసే యంత్రాలు కావాలి. సముద్రం పక్క ఊరిలో తేమ సంగతి మరిస్తే మా అమ్మాయి పొర గతే పరికరాలకూ పడుతుంది.

ద్రవ నైట్రోజన్ మా ప్రాంతంలో దొరకదనే అభ్యంతరాన్ని నేను గతంలో ఒక సమావేశంలో విన్నాను. పశువైద్యశాలల్లో ఎద్దు వీర్యాన్ని నిలవ ఉంచే డబ్బాల్లో ఉన్నది ద్రవ నైట్రోజనే. సరిహద్దు పల్లెల్లో పాడి రైతులకు అది ఎన్నో ఏళ్లుగా పరిచయం. ఆవు చూలు కట్టడానికి క్రమం తప్పకుండా చేరుతున్న వస్తువు, భౌతికశాస్త్రానికి చేరకపోవడానికి కారణం కనిపించదు.

అన్నిటికంటే ముఖ్యమైనది పరికరం కాదు, దాని దగ్గర కూర్చునే మనిషి. ప్రాజెక్టు డబ్బుతో కొన్న పరికరం, ప్రాజెక్టు ముగిసి పిల్లవాడు వెళ్లిపోగానే గుడ్డ కప్పుకుని మూలన పడి ఉండటాన్ని నేను ఒక చోట కాదు, అనేక చోట్ల చూశాను. కాబట్టి కనీసం ఇద్దరు శాశ్వత సాంకేతిక సహాయకులను నియమించండి, ఏటా మరమ్మతుల ఖర్చును మొదటి రోజునే బడ్జెట్‌లో రాయండి. భద్రత శిక్షణ లేకుండా ఎవరినీ లోపలికి రానివ్వకండి. 1.4 మైక్రాన్ల లోపు పరారుణ లేజరు కిరణం కంటికి కనబడదు గాని, కంటి కటకం దాన్ని రెటీనా మీద చుక్కగా కేంద్రీకరిస్తుంది. కనబడకపోవడం వల్ల రెప్ప కూడా వేయం. కంటి అద్దాలు ఎంత అవసరమో చెప్పడానికి ఇంతకంటే వివరణ అక్కరలేదు.

భువనేశ్వర్‌లోని ఇన్ఫో వ్యాలీలో సిలికాన్ కార్బైడ్ కర్మాగారానికి కేంద్ర మంత్రివర్గం 2025 ఆగస్టు 12న ఆమోదం తెలిపింది. నేను మనసారా స్వాగతిస్తున్నాను. అది అధిక విద్యుత్తును నడిపే సాధనాల కోసం. సిలికాన్ లాగే సిలికాన్ కార్బైడ్ కూడా కాంతిని పుట్టించడానికి తగిన పదార్థం కాదు. కాబట్టి నేను అడుగుతున్నది దానికి పోటీ కాదు. పైగా అలాంటి కర్మాగారానికి రేపు కావలసిన పనివారు, పొరను ముట్టుకోకుండా పట్టుకోవడం, తీగ అతికించడం, కొలతలో పొరపాటు ఎంతో రాయడం చేతి పనిగా నేర్చుకున్నవారు. ఆ చేతులు మా జిల్లాల్లోనే తయారు కావచ్చు.

జాతీయ స్థాయి సదుపాయాలు ఉన్నాయి కదా, అక్కడికి పంపవచ్చు కదా అనే మాట కూడా వస్తుంది. 2008లో బెంగళూరులోని ఐఐఎస్సీ, ఐఐటీ బొంబాయిలలో మొదలైన నానో ఎలక్ట్రానిక్స్ వినియోగదారుల కార్యక్రమం మంచిది, అక్కడికి వెళ్లి నేర్చుకుని వచ్చినవారు ఉన్నారు. అయితే అక్కడికి వెళ్లాలంటే ముందు చేతిలో నమ్మదగిన తొలి కొలత ఉండాలి. పర్లాకిమిడి పిల్లవాడు రెండు రోజుల రైలు ప్రయాణం చేసి వెళ్లి, తన నమూనా అసలు పనిచేయడం లేదని అక్కడ తెలుసుకోవడం న్యాయం కాదు. ఆ మాట వాడికి ఉదయం బస్సెక్కి వచ్చి సాయంత్రం ఇంటికి చేరే దూరంలో తెలియాలి. ఆడపిల్లల విషయంలో ఈ దూరం మరీ పెద్ద ప్రశ్న. నాకు తెలిసిన తల్లులు "మాస్టారూ, పొద్దున వెళ్లి రాత్రికి వస్తుందంటే పంపుతాం" అనే అంటారు. ఆ షరతుకు లోబడిన ఏర్పాటు చేయడం మన వంతు.

చిన్న ఊళ్లో పరిశోధన ఏమిటన్నవారికి పర్లాకిమిడిలో బడి మాస్టారుగా ఉన్న గిడుగు రామమూర్తి గారిని చూపుతాను. అడవి పక్కన ఉన్న ఊళ్లో ఉండటమే ఆయనకు సవర భాష మీద పట్టు తెచ్చింది, వ్యాకరణం, నిఘంటువు రాయించింది. బాక్సైట్ కొండకూ తుపాను తీరానికీ నడుమ ఉన్న మా స్థానం కూడా అలాంటి అనుకూలతే.

ఎక్కడ పెట్టాలన్నది మీరు నిర్ణయించాలి. 1967 నుంచి ఉన్న బరంపురం విశ్వవిద్యాలయం, 2016లో బరంపురానికి వచ్చిన ఐసర్ (భారతీయ విజ్ఞాన విద్యా పరిశోధన సంస్థ), కొరాపుట్‌లో 2009 నుంచి ఉన్న కేంద్రీయ విశ్వవిద్యాలయం, మూడూ తగినవే. ఒకరు గది ఇచ్చి, మరొకరు పరికరాలు, ఇంకొకరు మనుషులను ఇచ్చినా అభ్యంతరం లేదు. నా పట్టుదల రెండు విషయాల మీదే: బయటి కళాశాలల విద్యార్థులకు వారానికి రెండు రోజులు విడిగా కేటాయించి, ఆ వేళలను ముందుగా ప్రకటించాలి; నమూనా అందిన తేదీ, కొలిచిన తేదీ రెండూ అందరికీ కనబడే పట్టికలో ఉండాలి.

ఈ లేఖ అందిన మూడు నెలల లోపు, ఈ జిల్లాల భౌతికశాస్త్ర అధ్యాపకులను ఒక రోజు పిలిచి కూర్చోబెట్టమని ప్రార్థిస్తున్నాను. కావలసిన పరికరాల పట్టిక, ఒక్కొక్కదానితో ఏ తరగతి విద్యార్థి ఏ ప్రయోగం చేయవచ్చో రాసిన నోటుపుస్తకం నా దగ్గర సిద్ధంగా ఉన్నాయి, తెస్తాను. ఏ సంస్థ ముందుకు వచ్చినా, చూపు సహకరించినన్నాళ్లు, వారానికి రెండు రోజులు జీతం లేకుండా వచ్చి పిల్లలకు తీగలు అతికించడం నేర్పుతాను. ఆ పంతులమ్మకు కూడా ఈ లేఖ చదివి వినిపించాను. తన బడి సెలవుల్లో వచ్చి, మళ్లీ ఒక పొర చేసి, ఆ ఖాళీ గడి నింపుకుంటానని అంది.

భవదీయుడు,
ఒక విశ్రాంత భౌతికశాస్త్ర అధ్యాపకుడు
బరంపురం